వర్డ్‌ప్రెస్‌లో ఏ సెట్టింగు ఎక్కడ ఉంటుంది?

మీ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు ఇటీవలే మీ చేతికి వచ్చిందనీ, అందులో మూడు చిక్కులు ఎదురయ్యాయనీ రాశారు. జనరల్ సెట్టింగ్స్‌లో సైటు చిరునామా ఉండే గడులు బూడిద రంగులో ఉండి, వాటిని మార్చడానికి వీలు కావడం లేదు. థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) మార్చగానే లోగో, మెనూ, రంగులు మాయమయ్యాయి. రెండు ఎంబీలు దాటిన పీడీఎఫ్‌ను సైటు తీసుకోవడం లేదు, ఆ పరిమితిని పెంచే చోటు సెట్టింగ్స్ మెనూలో ఎక్కడా దొరకడం లేదు. సెట్టింగులన్నీ కలిపి ఉండే చోటు ఒకటి ఉందా అన్నది మీ ప్రశ్న. అటువంటి చోటు లేదు. అయితే మీ మూడు చిక్కులూ మూడు వేర్వేరు చోట్ల ఉండడానికి కారణం ఉంది, ఆ కారణం ముందు చెప్పి తరువాత ఒక్కొక్కదాని సంగతికి వస్తాను.

నేను ప్రోగ్రామర్‌ను కాను. మిత్రులం కొందరం కలిసి నడిపిన ఒక తెలుగు కథల వెబ్ పత్రికకు తొమ్మిదేళ్ల పాటు సాంకేతిక బాధ్యత నా మీద ఉండేది. బాధ్యత అంటే, ఏది పాడైనా అందరూ ఫోను చేసేది నాకే. కాబట్టి కింద రాసినదంతా ఏదో ఒకటి పాడైనప్పుడు తెలుసుకున్నదే.

మొదట్లో నేను కూడా ప్రతి సెట్టింగునూ ‘ఇది ఏ మెనూలో ఉంది’ అని వెతికేవాణ్ని. ‘ఇది ఎవరి సొత్తు’ అని నన్ను నేను ప్రశ్నించుకోవడం మొదలుపెట్టిన తరువాతే నాకు వర్డ్‌ప్రెస్ అర్థమైంది. సర్వరుకు, అంటే సైటు నడిచే కంప్యూటరుకు, చెందినవి కొన్ని ఉంటాయి, ఆ సర్వరులో మనం వేసుకున్న వర్డ్‌ప్రెస్‌కు చెందినవి కొన్ని, సైటుకు చెందినవి, థీమ్‌కు చెందినవి, ఒక పేజీకి చెందినవి, లాగిన్ అయిన మనిషికి చెందినవి మరికొన్ని ఉంటాయి. ప్రతి సెట్టింగూ తన సొంతదారు దగ్గరే ఉంటుంది, సొంతదారు మారితే తాను కూడా కనిపించకుండా పోతుంది. ఎడమవైపు కనిపించే సెట్టింగ్స్ మెనూ వీటిలో సైటుకు చెందిన వాటిని మాత్రమే, అవి కూడా కొన్నింటిని మాత్రమే చూపుతుంది. దానికి ఆ పేరు పెట్టడం వల్లనే కొత్తవాళ్లు అన్నిటినీ అందులో వెతుకుతారని నా అభిప్రాయం.

ముందు బూడిద గడుల సంగతి చూద్దాం. వర్డ్‌ప్రెస్ ఉన్న ఫోల్డరులో డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఫైలు ఉంటుంది. కొందరు భద్రత కోసం దాన్ని ఒక ఫోల్డరు పైన పెడతారు, అక్కడ ఉన్నా వర్డ్‌ప్రెస్ దాన్ని కనుక్కుంటుంది. డేటాబేస్ (టపాలు, సెట్టింగులు దాచే నిల్వ) పేరు, దాని వాడుకరి పేరు, పాస్‌వర్డు, టేబుళ్ల పేర్ల ముందు వచ్చే ఉపసర్గ, లాగిన్ కుకీలను కాపాడే రహస్య సంకేతాలు ఆ ఫైలులో ఉంటాయి. డేటాబేస్‌ను తెరవడానికి కావలసిన తాళంచెవిని డేటాబేస్‌లోనే దాచలేము కనుక ఈ వివరాలు ఫైలులో ఉండక తప్పదు. అదే ఫైలులో డబ్ల్యూపీ_హోమ్, డబ్ల్యూపీ_సైట్‌యూఆర్ఎల్ అనే రెండు స్థిరాంకాలను (మారకుండా బిగించిన విలువలను) ఎవరైనా రాసి ఉంచితే, డేటాబేస్‌లో ఏ చిరునామా ఉన్నా వర్డ్‌ప్రెస్ దాన్ని పక్కన పెట్టి ఫైలులో ఉన్నదాన్నే తీసుకుంటుంది. ఇక తెర మీద మార్చినా ప్రయోజనం ఉండదు కాబట్టి ఆ గడులను బూడిద రంగులోకి మార్చి ఉంచుతుంది. మీకు ముందు ఉన్న నిర్వాహకుడు సైటును ఒక హోస్టింగ్ (సర్వరును అద్దెకిచ్చే సేవ) నుంచి మరొక హోస్టింగ్‌కు తరలించినప్పుడు ఈ రెండు వరుసలు చేర్చి, తరువాత తీయడం మరచిపోయి ఉంటారని నా ఊహ. హోస్టింగ్ ప్యానెల్‌లోని ఫైల్ మేనేజరులో ఆ ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, ఆ రెండు వరుసలలో చిరునామాను మార్చండి. ఒక్క కొటేషన్ గుర్తు తప్పిపోయినా సైటు మొత్తం తెల్ల తెరగా మిగిలిపోతుంది కనుక నకలు లేకుండా మాత్రం ఆ ఫైలును తాకవద్దు. కొత్త వరుస ఏదైనా చేర్చవలసి వస్తే, ‘ఇక్కడితో సవరించడం ఆపండి’ అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక వ్యాఖ్య ఉంటుంది, దానికి పైనే చేర్చాలి. ఆ ఫైలును స్క్రీన్‌షాట్ తీసి సహాయం కోసం ఎవరికీ పంపవద్దు, అందులో పాస్‌వర్డు బాహాటంగా కనిపిస్తుంది.

ఫైలులో లేనివన్నీ దాదాపుగా డేటాబేస్‌లో ఉంటాయి. వాటిలో సైటుకు చెందినవి ఆప్షన్స్ అనే టేబుల్‌లో ఉంటాయి, ఉపసర్గ మార్చకపోతే దాని పూర్తి పేరు డబ్ల్యూపీ_ఆప్షన్స్. ఆ టేబుల్ చాలా సాదాగా ఉంటుంది. వరుస సంఖ్య, సెట్టింగు పేరు, దాని విలువ, ప్రతి పేజీ తెరిచినప్పుడూ దాన్ని ముందుగానే చదవాలా వద్దా అనే గుర్తు, ఈ నాలుగే నిలువు వరుసలు. సైటు పేరు, ట్యాగ్‌లైన్, నిర్వాహకుని ఈమెయిల్, పెర్మాలింక్ (టపాల శాశ్వత చిరునామా) అమరిక, ఒక పేజీలో ఎన్ని టపాలు కనిపించాలి, ఇప్పుడు నడుస్తున్న థీమ్ ఏది, చేతనంగా (యాక్టివ్‌గా) ఉన్న ప్లగిన్లు, అంటే సైటుకు అదనపు పనులు చేర్చే పొడిగింపులు, ఏవి అన్నవన్నీ ఇక్కడ ఒక్కొక్క అడ్డు వరుసగా ఉంటాయి. మీరు సెట్టింగ్స్ మెనూలో ఏ పేజీలో సేవ్ నొక్కినా ప్రధానంగా జరిగేది ఈ టేబుల్‌లో కొన్ని వరుసలు మారడమే. ప్లగిన్లు కూడా తమ సెట్టింగులను ఎక్కువగా ఇక్కడే దాచుకుంటాయి, తొలగించిన తరువాత కొన్ని తమ వరుసలను వదిలేసి వెళ్తాయి. మా పత్రికలో ఎన్నడో తీసేసిన ప్లగిన్ల వరుసలు వందల కొద్దీ పేరుకుపోయి, ప్రతి పేజీకీ అనవసరంగా లోడ్ అవుతుండేవి. వర్డ్‌ప్రెస్ 6.6 నుంచి ఇలా ముందుగా లోడ్ అయ్యే మొత్తం సుమారు 800 కేబీలు దాటితే టూల్స్ మెనూలోని సైట్ హెల్త్ పేజీ హెచ్చరిస్తుంది.

ఈ వరుసలను చూడడానికి డేటాబేస్ తెరవవలసిన అవసరం కూడా లేదు. నిర్వాహకుడిగా లాగిన్ అయి, చిరునామా పట్టీలో డబ్ల్యూపీ-అడ్మిన్ తరువాత ఆప్షన్స్ అనే పీహెచ్‌పీ పేజీ పేరు రాస్తే, ఏ మెనూలోనూ కనిపించని ఒక పొడవాటి జాబితా తెరుచుకుంటుంది. దాన్ని చదువుకోవడానికి మాత్రమే వాడండి, అడుగున ఉన్న సేవ్ బొత్తాము జోలికి పోవద్దు.

అందులో కొన్ని గడులలో విలువకు బదులు అది సీరియలైజ్ చేసిన డేటా అని మాత్రమే కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది అక్కడే. మా పత్రిక చిరునామాను హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మార్చిన రోజున, డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా దింపుకుని, నోట్‌ప్యాడ్ వంటి ఒక ఎడిటరులో పాత చిరునామా ఉన్న ప్రతి చోటా కొత్తది వచ్చేలా మార్చి, తిరిగి ఎక్కించాను. కథలన్నీ సక్రమంగా తెరుచుకున్నాయి, కానీ పక్కపట్టీలోని విడ్జెట్లు (అక్కడ అమర్చిన చిన్న పెట్టెలు) చాలావరకు మాయమయ్యాయి. ఒక వరుసలో పది విలువలు కలిపి దాచవలసి వచ్చినప్పుడు పీహెచ్‌పీ వాటిని ఒక మూటగా కట్టి, ప్రతి పదబంధం ముందు దాని పొడవును అంకెలలో రాస్తుందని అప్పటికి నాకు తెలియదు. చిరునామాలో ఒక అక్షరం పెరిగింది, ముందున్న అంకె మాత్రం పాతదే మిగిలింది. లెక్క కుదరకపోవడంతో పీహెచ్‌పీ ఆ ఒక్క విడ్జెట్‌ను కాక, మూట మొత్తాన్నీ చదవడం మానేసింది.

సరే, అంకెలు చేత్తో దిద్దుదామని కూర్చున్నాను. ఒక చోట ‘తెలుగు’ అనే శీర్షిక ముందు 18 అని ఉంది. మూడక్షరాల మాటకు పద్దెనిమిది ఏమిటి, ఇది కూడా పాడైందనుకుని 3 అని దిద్దాను. అది చిరునామా లేని విడ్జెట్ కనుక అంతవరకు దాని మూట చెక్కుచెదరలేదు, నా దిద్దుబాటుతోనే అది కూడా పోయింది. పీహెచ్‌పీ లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని కంప్యూటరు దృష్టిలో ఆ మాటలో ఆరు సంకేతాలు ఉన్నాయి, యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి 18 అన్నది సరైన లెక్కే. చివరికి బ్యాకప్ నుంచి పాత డేటాబేస్‌ను వెనక్కి తెచ్చుకుని, డబ్ల్యూపీ-సీఎల్‌ఐ అనే కమాండ్ లైన్ పరికరంలోని సెర్చ్-రీప్లేస్ ఆదేశంతో ఆ పని మళ్లీ చేశాను. అది మూట విప్పి, మాట మార్చి, కొత్త పొడవు రాసి, తిరిగి మూట కడుతుంది, నిజంగా మార్చే ముందు ఎన్ని చోట్ల మారుతుందో ఉత్తుత్తిగా చేసి చూపించే సదుపాయం కూడా అందులో ఉంది. కమాండ్ లైన్ దొరకని హోస్టింగ్‌లో బెటర్ సెర్చ్ రీప్లేస్ వంటి ప్లగిన్ అదే పని చేస్తుంది. మీరు చిరునామా మారుస్తున్నారు కనుకనే ఇంత వివరంగా రాశాను. కాన్ఫిగ్ ఫైలులో రెండు వరుసలు మార్చినంత మాత్రాన కథనాల లోపల, విడ్జెట్ల లోపల ఉన్న పాత లంకెలు మారవు, వాటికి ఈ పద్ధతే పాటించాలి.

సైటుకు చెందినవే అయినా మన దృష్టికి రాని సెట్టింగులు రెండు ఉన్నాయి, కొత్తగా సైటు చేపట్టినవారు వాటిని మొదటి రోజే చూసుకోవాలి. ఒకటి జనరల్ సెట్టింగ్స్‌లోని టైమ్ జోన్. మేము ఒక ఉగాది సంచికను ఉదయం ఆరు గంటలకు వెలువడేలా అమర్చి నిద్రపోతే అది పదకొండున్నరకు వెలువడింది. సైటు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉండిపోయింది, మనకు దానికి ఐదున్నర గంటల తేడా. సర్వరు గడియారంలో తప్పుందని హోస్టింగ్ వారితో అరగంట వాదించిన తరువాత తెలిసింది, వర్డ్‌ప్రెస్ తన టైమ్ జోన్‌ను తన ఆప్షన్స్ టేబుల్‌లోనే ఉంచుకుంటుందని. జాబితాలో కోల్‌కతా ఎంచుకుంటే సరిపోతుంది. రెండవది రీడింగ్ సెట్టింగ్స్‌లో, సెర్చ్ ఇంజన్లు ఈ సైటును తమ జాబితాలోకి తీసుకోకుండా నిరుత్సాహపరిచే టిక్కు. ప్రయోగ దశలో పెట్టిన ఆ టిక్కు డేటాబేస్‌తో పాటే అసలు సైటులోకి వచ్చేస్తుంది.

ఇక మీ లోగో, మెనూ, రంగులు పోలేదు. అవి పాత థీమ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. కస్టమైజ్ తెరలో మీరు చేసిన మార్పులను వర్డ్‌ప్రెస్ అదే ఆప్షన్స్ టేబుల్‌లో ‘థీమ్_మోడ్స్’ అనే మాటకు థీమ్ ఫోల్డరు పేరు తగిలించిన ఒక వరుసలో దాస్తుంది. థీమ్ మారితే వేరే వరుస చదువుతుంది, కొత్త థీమ్‌కు ఆ వరుస ఇంకా ఖాళీగా ఉంటుంది కనుక అన్నీ పోయినట్టు కనిపిస్తాయి. పాత థీమ్‌ను ఒకసారి తిరిగి చేతనం చేసి చూడండి, అన్నీ యథాతథంగా వస్తాయి. మెనూలోని లంకెలు వేరే చోట భద్రంగానే ఉంటాయి, ‘ఈ మెనూ పైన రావాలి, ఆ మెనూ అడుగున రావాలి’ అన్న అమరిక మాత్రమే థీమ్‌కు చెందుతుంది. కాబట్టి కొత్త థీమ్‌లో మెనూను తిరిగి తయారు చేయనక్కరలేదు, దాని స్థానం ఎంచుకుంటే చాలు. అడిషనల్ సీఎస్ఎస్ గడిలో రాసిన శైలి నియమాలు కూడా థీమ్‌ను బట్టే విడివిడిగా ఉంటాయి, కాకపోతే 4.7 నుంచి అవి టపాలు ఉండే పోస్ట్స్ టేబుల్‌లో ఒక ప్రత్యేక రకం టపాగా చేరుతున్నాయి. బ్రౌజరు ట్యాబులో కనిపించే చిన్న గుర్తు మాత్రం సైటు సొత్తు కనుక థీమ్ మారినా పోదు, ఈపాటికి మీరు గమనించే ఉంటారు. చైల్డ్ థీమ్ (మరొక థీమ్ మీద ఆధారపడి నడిచే థీమ్) వేసుకున్నవారు కూడా ఇలాగే కంగారు పడుతుంటారు. తల్లి థీమ్ రూపమే అయినా చైల్డ్ థీమ్ ఫోల్డరు పేరు వేరు, అందువల్ల దాని వరుస కూడా వేరు.

పై పేరాలోదంతా పాత తరహా థీమ్‌లకు వర్తిస్తుంది. మీరు కొత్తగా వేసింది బ్లాక్ థీమ్ (సైటు భాగాలన్నిటినీ బ్లాకులుగా దిద్దుకునే కొత్త తరహా థీమ్) అయితే, అపియరెన్స్ మెనూలో కస్టమైజ్‌కు బదులు ఎడిటర్ అని కనిపిస్తుంది. 2022 జనవరిలో వచ్చిన 5.9తో మొదలైన ఈ పద్ధతిలో థీమ్ తన రంగులు, అక్షరాల పరిమాణాల వంటి తొలి విలువలను థీమ్.జేసన్ అనే ఫైలులో తెచ్చుకుంటుంది. సైట్ ఎడిటర్‌లో మీరు మార్చినవి మాత్రం పోస్ట్స్ టేబుల్‌లోకి వెళ్తాయి, రెండూ ఉన్న చోట డేటాబేస్‌లోనిదే చెల్లుతుంది. ఇది తెలియక నేను ఒకసారి థీమ్ ఫోల్డరులోని అడుగుపట్టీ ఫైలును గంటసేపు మార్చి, ఎక్కించి, పేజీని రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను, ఒక్క అక్షరం కూడా మారలేదు. అంతకు నెల క్రితం మా సంపాదకురాలు ఎడిటర్‌లో అదే అడుగుపట్టీలో ఒక కామా దిద్దారు, దానితో డేటాబేస్‌లో ఒక నకలు తయారై నా ఫైలుకు అడ్డుపడింది. ఆ భాగాన్ని ఎడిటర్‌లో తొలి స్థితికి రీసెట్ చేశాక ఫైలు మాట చెల్లింది. కాన్ఫిగ్ విషయంలో ఫైలుదే పైచేయి, ఇక్కడ డేటాబేస్‌దే పైచేయి. ఇది తికమక పెట్టే ఏర్పాటే, నేనేమీ సమర్థించను.

మనిషికి చెందిన సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. డ్యాష్‌బోర్డు భాష, రంగులు, తెర మీద ఏ గడులు కనిపించాలి అన్నవి యూజర్‌మెటా టేబుల్‌లో ఎవరివి వారికి ఉంటాయి. మీకు కనిపించే గడి మీ సహచరునికి కనిపించకపోతే సైటు పాడైందనుకోకుండా ముందు ఆయన ప్రొఫైలును, స్క్రీన్ ఆప్షన్స్‌ను చూడండి. ఒక పేజీకి మాత్రమే చెందినవి, అంటే ఆ పేజీ వాడే టెంప్లేటు, దాని ముఖచిత్రం వంటివి, పోస్ట్‌మెటాలో ఉంటాయి, వాటిని ఆ పేజీ తెరిచి కుడివైపు పట్టీలో మార్చుకుంటాము.

రెండు ఎంబీల పరిమితి వర్డ్‌ప్రెస్‌ది కాదు. అద్దె ఇంట్లో కరెంటు మీటరు మన గది స్విచ్చుబోర్డులో ఉండదు కదా, అలాగే ఇది సర్వరులోని పీహెచ్‌పీకి చెందినది. ఎక్కించే ఒక్కొక్క ఫైలు పరిమాణానికి ఒక విలువ, ఒక్కసారిగా పంపే సమాచారం మొత్తానికి ఇంకొక విలువ పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే ఫైలులో ఉంటాయి. ఎవరూ మార్చకపోతే మొదటిది 2 ఎంబీలు, రెండవది 8 ఎంబీలు. మొదటిదాన్ని 20కి పెంచి రెండవదాన్ని 8 దగ్గరే వదిలేస్తే పని జరగదు, రెండవది ఎప్పుడూ మొదటిదాని కంటే కొంత పెద్దదిగా ఉండాలి. చాలా హోస్టింగ్ ప్యానెళ్లలో పీహెచ్‌పీ అమరికల కోసం ఒక పేజీ ఉంటుంది, లేకపోతే హోస్టింగ్ వారినే పెంచమని అడగాలి. ఇప్పుడు ఎంత ఉందో సైట్ హెల్త్‌లోని ఇన్ఫో ట్యాబులో, సర్వర్ అనే భాగంలో చూడవచ్చు. పెర్మాలింకుల అమరిక సైటు సొత్తే అయినా, దాన్ని అమలుపరిచే నియమాలు అపాచీ అనే రకం సర్వరులో హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలులో ఉంటాయి. అందుకే సైటు తరలించాక మొదటి పేజీ తప్ప మరేదీ తెరుచుకోకపోతే, పెర్మాలింక్స్ పేజీ తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ నొక్కితే చాలాసార్లు సరైపోతుంది.

కొన్ని పరిమితులకు సెట్టింగు అంటూ ఉండదు. మా కథల పేర్లు పొడవుగా ఉన్నప్పుడు చిరునామాలో సగానికి తెగిపోయేవి. ఆ పొడవు పెంచే చోటు కోసం నేను నెలల తరబడి వెతికాను. టపా చిరునామా భాగానికి డేటాబేస్‌లో 200 స్థానాలు మాత్రమే ఉన్నాయి, చిరునామాలో శాతం గుర్తులతో రాసే ఒక్కొక్క తెలుగు సంకేతం 9 స్థానాలు ఆక్రమిస్తుంది, అందువల్ల ఇరవై రెండు సంకేతాల దగ్గర పేరు తెగిపోతుంది. చిరునామాలో పేరును చేత్తో కుదించుకోవడమే మేము ఎంచుకున్న మార్గం.

ఏదైనా దొరకనప్పుడు నేను చేసే పని ఇది. అది మారితే ఎవరెవరికి తేడా తెలుస్తుందో ఆలోచిస్తాను. నాకొక్కడికే అయితే ప్రొఫైలు, ఒక్క పేజీకే అయితే ఆ పేజీ పట్టీ, థీమ్ మారితే పోయేదైతే కస్టమైజ్ లేదా ఎడిటర్, సైటంతటికీ అయితే సెట్టింగ్స్ మెనూ లేదా ఆ ప్లగిన్ మెనూ, అదే సర్వరులోని పక్క సైటుకు కూడా తేడా తెలిసేదైతే హోస్టింగ్ ప్యానెల్. సరైన చోటే మార్చినా ఫలితం కనిపించకపోతే, కాన్ఫిగ్ ఫైలులో గానీ, థీమ్ ఫంక్షన్స్ ఫైలులో గానీ, ప్లగిన్ల జాబితాలో నిలిపివేసే వీలులేకుండా కనిపించే మస్ట్-యూజ్ ప్లగిన్లలో గానీ ఎవరో ఆ విలువను బిగించి ఉంటారు. వీటన్నిటికంటే ముందు క్యాష్ (వేగం కోసం దాచి ఉంచిన పాత నకళ్లు) ఖాళీ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి. నేను తప్పు చోట మార్చాననుకున్న సందర్భాలలో సగం క్యాష్ వల్లనే.

మీరు చేయవలసిన పనుల వరుస కూడా చెప్తాను. మొదట పాత నిర్వాహకుని దగ్గర హోస్టింగ్ ప్యానెల్ లాగిన్ తీసుకోండి, డ్యాష్‌బోర్డు లాగిన్ ఒక్కటే ఉంటే మీ మూడు చిక్కులలో రెండు తీరవు. తరువాత ఫైళ్లకూ డేటాబేస్‌కూ రెండింటికీ బ్యాకప్ తీయండి. ఆపైన పాత థీమ్‌ను ఒకసారి చేతనం చేసి, కస్టమైజ్‌లోని రంగుల సంఖ్యలు, లోగో ఫైలు, మెనూ స్థానాలు ఒక కాగితం మీద రాసుకుని, కొత్త థీమ్‌లో వాటిని చేత్తో నింపండి. చిరునామా మార్చే పని అన్నిటికంటే చివర పెట్టుకోండి. కొత్తగా వేసింది పాత తరహా థీమో బ్లాక్ థీమో చెప్తే, మెనూ స్థానం ఎక్కడ ఎంచుకోవాలో సరిగ్గా రాస్తాను.